ఎర్రబోడు గుట్ట మీద నలభై వలలు

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తికమకే. ఒక్క పేజీకి ఒక పూట పడుతుంది. ఒత్తులు నజీమమ్మ దిద్దింది. మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను, ముట్టుకోలేదు. ఇంత కష్టపడి రాయడం ఎందుకంటే, ఎర్రబోడు గుట్ట మీద మేం కంపెనీ మనుషులకు విషం పెట్టామని పేపర్లో వేశారు. విషం పెట్టలేదు. చేసింది చేసినట్టు చెప్తాను. అది తప్పని ఎవరైనా అంటే నా ఎదురుగా కూర్చుని అనమనండి.

మాది కంబళ్లు నేసే ఇల్లు. నా పెనిమిటి ఎర్రప్ప గొర్రెలు కాసేవాడు, నేను నేసేదాన్ని. వానలు నిలిచిపోయిన రెండో ఏడు ఎండదెబ్బ తగిలి మంద వెనకే పడిపోయాడు. గొర్రెలు ఇంటికొచ్చాయి, మనిషి రాలేదు. ఆ మరుసటి ఏడే కంపెనీ వాళ్లు మా ఊరికి పడమట ఉన్న ఎర్రబోడు గుట్ట మీద మూడు రేకుల షెడ్లు వేసి, చుట్టూ ముళ్లకంచె కట్టి, ప్రయోగశాల అన్నారు. దానికి అవతల ఇసుక, సర్కారు తుమ్మ తప్ప ఊరు లేదు. వంటమనిషి కావాలంటే నేను పోయాను. మా మరిది మాళప్ప దారికి అడ్డం నిలబడ్డాడు.

"మా అన్న పోయి ఏడాది కాలేదు, కంపెనీకి కూడు వండను పోతాండావా వదినా?"

"ఇంట్లో కూచుంటే ఎవరు వండి పెడతారు, నువ్వా?"

ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. మూడేళ్లు.

గుట్ట మీద ముగ్గురమే. సైంటిస్టు నజీమమ్మది ఆదోని, నలభై ఏళ్ల మనిషి, తిండి గుర్తుండదు, పని మాత్రం నిద్రలో కూడా గుర్తుంటుంది. వాచ్‌మన్ సింహాచలానిది విజయనగరం పక్క. మిలిటరీలో చేసి వచ్చాడు. కంపెనీ ఇచ్చిన తుపాకి ఒకటి, తూటాలు రెండు. "రెండే ఎందుకు?" అంటే, "మూడోది కావాలంటే దరఖాస్తు ఎట్టాలంట పెద్దమ్మా" అనేవాడు.

నజీమమ్మ పని గాలిలోంచి నీళ్లు తీయడం. వలల్లాంటివి గాలికి అడ్డంగా కడుతుంది. ఆ దారానికి కంటికి కనబడని జీవం ఒకటి పట్టిస్తుంది. అది గాలిలో ఉన్న తడిని తాగి, దారం వెంబడి చుక్కచుక్కగా వదులుతుంది. దానికి ఆమె ఒక బారెడు పేరు చెప్పింది. నాకు మాత్రం అది పాలల్లో వేసే తోడులాగా కనబడి తోడు అన్నాను. కొన్నాళ్లకు ఆమె నోటికీ అదే వచ్చింది. షెడ్డులో దాన్ని పెంచే తొట్టిలో ఉన్నంతసేపు తోడు బాగానే ఉండేది. దారానికి పట్టిస్తే రెండో రోజుకు చచ్చేది. రెండున్నరేళ్లు అంతే. ఆమె తలుపేసుకుని ఏడ్వడం నేను విన్నాను.

ఒకసారి ఆమె పట్నం పోతూ, నాలుగు వలలు ఇచ్చి ఉతికి ఆరేయమంది. ఉతికాను. ఆరేశాను. కానీ చూస్తే మనసొప్పలేదు. మా ఇంట్లో గంజి పెట్టని కంబళి గడప దాటిందంటే నేసినదానికి పరువు తక్కువ. ఆ దారం వదులుగా, పీచుపీచుగా, బట్టలేని మనిషిలాగా వేలాడుతా ఉంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, గంజి కాచాను. కుంచెతో నాలుగు వలలకూ రెండు పక్కలా పూశాను. ఎవరూ అడగలేదు. చేతికి అలవాటు.

నజీమమ్మ వచ్చి వల ముట్టుకుని చూసింది. "పెద్దమ్మా, ఏం పూశావు?"

"చింతగింజల గంజి. కంబళికి పెట్టేదే."

ఆమె మిగిలిన మూడూ తడిమి చూసింది. "ఈ నాలుగూ నేయడానికి మూడు నెలలు పట్టింది."

"మళ్లా ఉతుకుతా లేమ్మా, దానికెందుకు."

ఎలాగూ పాడయ్యాయని ఆమె వాటికే తోడు పట్టించి గుట్ట అంచున కట్టింది. మరునాడు పొద్దున్నే సింహాచలం కేకలు. వలల కింది దోనె నిండి, నీళ్లు రాళ్ల మీద పారుతున్నాయి. గంజి దారానికి బలమవుతుందని పూశాను నేను. తోడుకు అది తిండి అయింది. అప్పటి నుంచి తొట్టిలోనూ గంజే పోశాం.

ఆ నీళ్లను కంపెనీ చెప్పిన మూడు ఊళ్లకు బండ్లలో పంపాం, వాటిలో మా ఊరు లేదు. నా సంతోషం ఏం చెప్పను. ఆ రోజుల్లోనే ఏ వల ఎప్పుడు తెరిచామో, ఎప్పుడు చుట్టామో రాసిపెట్టడం కోసం నజీమమ్మ నాకు అక్షరాలు నేర్పింది. నేను మొదట రాసిన మాట "నీళ్లు".

*

నాలుగు నెలలకు, ఒక మధ్యాహ్నం పూట, మాళప్ప గుట్ట ఎక్కి వచ్చాడు. చేతిలో గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర. సింహాచలం తుపాకి పట్టుకుని అడ్డం పోతే, కత్తెర అతని గుండెకు ఆనించి, "కాల్చు. కాల్చి దావ ఇడువు" అన్నాడు.

"కాలిస్తే కంపెనీకి లెక్క రాయాలి బావూ. ముందు ఏటి కావాలో సెప్పు" అన్నాడు సింహాచలం.

"వలలు కావాల."

నేను వంటింట్లోంచి బయటికొచ్చాను. మూడేళ్ల తర్వాత దగ్గరగా చూడడం. పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. కళ్లు చింతనిప్పులు. నన్ను చూసి కత్తెర దించాడు గాని గొంతు దించలేదు.

"నీ నీళ్లు మూడూళ్లు తాగుతాండాయంట గదా వదినా. మనూరు ఏం తాగుతాందో ఎప్పుడన్నా అడిగితివా? ఈ గుట్ట దాటి వచ్చే గాలిలో తడి ల్యా. బాలింతకు పాలు ఇంకిపాయ. పసిబిడ్డ ఏడిస్తే కంట నీళ్లు రావు, ముక్కున నెత్తురొస్తాంది. ఈనిన గొర్రె పిల్లను నాకబోతే నాలికె అతుక్కుంటాంది. నాలుగు వలలకే ఇట్లయితే, ఊరిడిచి పోవాల్సిందే."

నేను నజీమమ్మ వైపు చూశాను. "నీకు తెలుసా?"

ఆమె అబద్ధం ఆడలేదు. "నలభై రోజులుగా తెలుసు. కంపెనీకి రాశాను."

"వాళ్లేమన్నారు?"

"మంచిది, వలకు అంత శక్తి ఉందని రుజువైంది, అన్నారు."

ఆ జవాబు కాగితం తెచ్చి చదివింది. నాలుగు రోజుల్లో లారీలు వస్తాయి. తోడు తొట్టిని తీసుకుపోతారు. గుట్టల వరస పొడుగునా రెండు వందల వలలు శాశ్వతంగా నాటతారు. నీళ్లు పైపుల్లో దూరంగా కట్టబోయే ఫ్యాక్టరీకి పోతాయి. వరసకు తూర్పున పన్నెండు ఊళ్లున్నాయి. కాగితంలో వాటి పేర్లు లేవు.

నజీమమ్మ ఇంకొకటి చెప్పింది, నేల చూస్తూ. కంపెనీ రెండుసార్లు తోడు పట్టుకుపోయి పట్నంలో పెంచబోయింది. రెండుసార్లూ చచ్చింది. "గంజి సంగతి నేను రిపోర్టులో రాయలేదు పెద్దమ్మా. పదహారేళ్లు చదివి, వంటమనిషి పొరపాటు వల్ల అయిందని రాయడానికి నామోషీ అనిపించింది. అందుకే వాళ్లకు ఈ తొట్టి కావాలి. గంజిలో బతుకుతున్న తోడు లోకంలో ఇదొక్కటే."

"అయితే నేల మీద పోసేయండి. పీడ పోతాది" అన్నాడు మాళప్ప.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఊరిని ఎండబెట్టింది నా చేతి గంజే. "పోస్తే లారీలు పోతాయి. ఐదేండ్లుగా వాన లేదు. మూడూళ్లు ఏం తాగాల? నువ్వు ఏం తాగుతావు?"

"మరి ఒగ తావునే నాటుకుని కూచుంటే కింద నేల మాడదా వదినా? మంద కట్టడం మరిచిపోతివా?"

చదివేవాళ్లకు తెలియకపోవచ్చు. మేం గొర్రెల మందను రైతు చేలో నిలబెడతాం. పెంట, ఉచ్చ నేలకు బలం. కానీ ఒకే చోట మూడు రాత్రులు దాటిందంటే అదే పెంట నేలను మాడ్చేస్తుంది. మూడు రాత్రులు, తర్వాత ఇంకొక చేను. ఎంత మంచి చేనైనా, రైతు ఎంత బతిమాలినా సరే.

నజీమమ్మ తల ఎత్తింది. "వలల్ని మందలాగా తిప్పితే..." అని ఆగి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "ఒక్కో చోట నాలుగు వలలు, మూడు రోజులు. ఏ ఊరి గాలీ మూడు రోజులకు మించి ఎండదు. మళ్లీ ఆ ఊరి వంతు వచ్చేలోపల కోలుకుంటుంది. ఇది నాకెందుకు తట్టలేదు?"

"గొర్రెలు కాసింటే తట్టేది" అన్నాడు మాళప్ప.

ఆ మధ్యాహ్నం నలుగురం రాగిసంకటి తిన్నాం. మా మరిది నా చేతి కూడు తిని మూడేళ్లు. ఉప్పు తక్కువైందన్నాడు. సింహాచలం తన యూనిఫాం చొక్కా విప్పి మడిచి రేకు మీద పెట్టాడు. "ఎందుకయ్యా?" అన్నాను. "ఆళ్ల సొక్కా తొడుక్కుని ఆళ్ల మీదే తుపాకి ఎత్తితే బాగోదు కదేటి" అన్నాడు.

*

మూడో రోజుకు మా ఊరు కంపలదిన్నె మొత్తం గుట్ట ఎక్కింది. అరవై ఎనిమిది మంది, నాలుగు వందల గొర్రెలు, గాడిదలు, కోళ్లు, ఒక బాలింత. వలలకు పడమటి పక్క, గాలి ఎండని పక్క, దిగారు. నన్ను చూసి మొహం తిప్పుకునే ఆడవాళ్లు నా పొయ్యి పక్కనే పొయ్యి పెట్టుకున్నారు. కాటమ్మ అనే ముసలామె నేరుగానే అంది. "నీ మీద కోపం పోలేదే హొన్నూరీ. అది అట్నే ఉంటాది. ముందు ఆ గింజలు ఇట్టా పారెయ్, వేయిస్తా."

కంపెనీ వరస కోసం నేయించి పెట్టిన వలలు షెడ్డులో ముప్పై ఆరున్నాయి. గుట్ట మీది ఆడవాళ్లందరం కూర్చుని వాటికి గంజి పూశాం. నజీమమ్మ తోడు పట్టించింది. పాతవి నాలుగూ కలిపి నలభై.

నాలుగో రోజు ఆరు జీపులు, రెండు లారీలు వచ్చాయి. ముప్పై మంది. కర్రలు, తుపాకులు. వాళ్ల పెద్ద పేరు శైలేంద్ర, చల్లటి మనిషి, మాట మెత్తన. గుట్టకు దారి ఒక్కటే, ఆ దారి నిండా నాలుగు వందల గొర్రెలు. హారన్ కొట్టారు. గొర్రెకు హారనంటే ఏం తెలుసు? జీపు చుట్టూ చేరి టైర్లు నాకాయి.

శైలేంద్ర గొర్రెల మధ్యలో నడుచుకుంటూ వచ్చాడు. నజీమమ్మతో, "మీరు కంపెనీ ఉద్యోగి. తొట్టి కంపెనీది. గేటు తీయండి" అన్నాడు.

"తొట్టి మీది. లోపల ఉన్నది ఈమె గంజి మీద బతుకుతోంది. ఈమెను అడగండి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, నీకేం కావాలి? ఉద్యోగమా, ఇల్లా?"

"తూర్పున పన్నెండూళ్లున్నాయి. వాటి పేర్లు చెప్పు, గేటు తీస్తా."

నేను ఒక్కొక్కటే చెప్పాను, కంపలదిన్నెతో మొదలుపెట్టి. అతను గడియారం చూసుకున్నాడు. "రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. తర్వాత గొర్రెల మీదుగానే వస్తాం, మనుషులుంటే మనుషుల మీదుగా."

కిందికి పోయి మా ఖాళీ ఊళ్లోనే దిగారు. ఇళ్లున్నాయి, బడి ఉంది, నీడ ఉంది. బాగుందనుకున్నారు. జనం ఎందుకు ఖాళీ చేశారో ఒక్కడూ అడగలేదు.

మాళప్ప గుట్ట అంచున నిలబడి, మా ఇళ్ల ముందర ఆగిన జీపులు చూస్తూ అన్నాడు, "మాకు ఈ ఎండుగాలి నాలుగు నెలలు తాపినారు. వాళ్లకు ఒగ పూట తాపుదాం."

నజీమమ్మ అంది, "నాలుగు వలలకే మీరు ఇట్లా అయ్యారు. నలభై తెరిస్తే ఏమవుతుందో నాకు తెలీదు. మనిషి చావచ్చు."

"ఊరిడిచి పొమ్మని ఒగ కేక ఏద్దాం. విని పోతే మంచిదే" అన్నాను.

ఏశాం. సింహాచలం మైకులో మూడుసార్లు చెప్పాడు. "తెల్లారి వలలన్నీ తెరిసేస్తాం. గాలి ఎండిపోద్ది. ఎల్లిపోండి బావూ, తరవాత మాకు సెప్పనేదు అనొద్దు." కింద నవ్వులు వినబడ్డాయి. ఒకడు కేక వేశాడు, "గాలిని ఆపుతార్రా గొర్రెలోళ్లు!"

తెల్లవారి నలభై వలలూ తెరిచాం. ఆషాఢ మాసపు పడమటి గాలి, మనిషిని తోసేసే గాలి. వలలు ఒక్కసారిగా బరువెక్కి, నీళ్లు వానలా దోనెల్లోకి కారాయి. మా పక్క పిల్లలు తడిసి కేరింతలు కొడుతున్నారు. వలకు అవతల, ఐదడుగుల దూరంలో, నేల మీద మట్టి పెచ్చులుగా లేస్తోంది.

పొద్దెక్కాక కింది మేకులు లేవడం మొదలుపెట్టాయి. ఆ గాలికి గరుసు నేలలో మేకు నిలవలేదు. కింది అంచు లేచిపోతే వల చిరిగిపోతుంది. ఎవరో ఒకరు తూర్పు పక్కకు, ఎండిన గాలిలోకి పోయి తాళ్లు పట్టాలి. మాళప్ప తడి కంబళి కప్పుకుని దిగాడు. ఇంకా పది మంది మగవాళ్లు దిగారు. వాళ్లు గంటకొకసారి మారారు. మాళప్ప మారలేదు.

"పైకి రా, కండ్లు పోతాయి" అని అరిచాను.

"నేను వస్తే ఏ మేకు లేస్తాందో ఎవురు చూస్తారు? నువ్వు పోయి గంజి కాచుకోపో!"

కళ్లు మూస్తే మేకు కనబడదు. అందుకే మూయలేదు. కంబళి మీద పోసిన నీళ్లు అరగడియలో ఆరిపోయేవి. నేను వంగి వలల పై నుంచి కడవలతో పోశాను. నా చేతులు ఆ పక్కకు చాచిన ప్రతిసారీ చర్మం పగిలేది. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

కింద ఏం జరిగిందో నజీమమ్మ దుర్భిణి పెట్టి చూసి చెప్పింది. మొదట దగ్గులు. తర్వాత డబ్బాలకు డబ్బాలు నీళ్లు తాగడం. ముక్కుల్లోంచి నెత్తురు. తలుపు ముట్టుకుంటే చిటుక్కుమని మెరుపు, జీపు ముట్టుకుంటే మెరుపు, మనిషిని మనిషి ముట్టుకుంటే మెరుపు. అంత ఎండిన గాలిలో అలాగే ఉంటుందట. జీపుల్లో నూనె పోయబోయిన వాడు ఒక మెరుపు చూసి డబ్బా అక్కడే పారేసి పరిగెత్తాడు. తర్వాత ఎవడూ బండి దగ్గరికి పోలేదు. సగం మంది కాలినడకన ఉత్తరం వైపు పోవడం కనబడింది.

మధ్యాహ్నానికి శైలేంద్ర ఒక్కడే గుట్ట ఎక్కాడు. తుపాకి లేదు. మాట రావడం లేదు. వేలితో నోరు చూపించాడు. సింహాచలం గేటు తీశాడు. నేను పడమటి పక్కన కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాను. నాలుగు చెంబులు తాగాడు.

"దీన్ని ఆయుధం చేశారు మీరు" అన్నాడు, గొంతు వచ్చాక.

"నాయనా, ఊరి మీద నాలుగు నెలలు పెట్టినప్పుడు దీని పేరేంది?"

అతను చెంబు కింద పెట్టాడు.

"నీ మనుషుల్ని తీసుకుపో. వలలు చుడతాం. చుట్టినాక గడియసేపు ఆగి బండ్లు ముట్టుకోండి."

చుట్టాం. పోయారు. వాళ్లలో ముగ్గురు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది. ఎవరూ చావలేదు. చచ్చుంటే నేను ఇప్పుడు ఏం రాసేదాన్నో నాకు తెలీదు. అయినా వలలు తెరిచినందుకు మాత్రం నేను చింతపడను.

మాళప్పను ఇద్దరు మోసుకొచ్చారు. కళ్ల మీద తెల్లటి పొర, చేప కళ్లలాగా. నజీమమ్మ తడిగుడ్డలు వేసింది, పట్నం డాక్టరు మందులు వేశాడు. చూపు రాలేదు. "మేకులన్నీ ఉండాయా వదినా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. రెండు వలలు పోయాయని ఇప్పటికీ చెప్పలేదు. ఇది ఎవరైనా చదివి వినిపిస్తే ఇప్పుడు తెలుస్తుంది, తిట్టనీ.

*

వాళ్లు మళ్లీ వస్తారని తెలుసు. ఈసారి కాగితాలతో, పోలీసులతో. అందుకే రెండు రోజుల్లో గుట్ట ఖాళీ చేశాం. వలలు చుట్టి గాడిదల మీద వేశాం. తొట్టిని మాత్రం కడిగి, తుడిచి, షెడ్డులోనే పెట్టాం. అది కంపెనీది. తోడును చెంబుల్లో పోసి పన్నెండూళ్లకు పంచాం. పాలతోడు అయినా అంతే గదా, పక్కింటి నుంచి తెచ్చుకుంటాం, పక్కింటికి ఇస్తాం. దానికి ఎవరు హక్కుదారు? గంజి ఎలా కాచాలో ఊరూరా పోయి నేనే చూపించాను.

పోలీసులు వచ్చేసరికి గుట్ట మీద మేకులు పీకిన గుంటలు, కడిగిన తొట్టి, మడత పెట్టిన యూనిఫాం చొక్కా ఉన్నాయట.

అన్నీ బాగున్నాయని చెప్పను. మొన్న ఒక ఊరివాళ్లు తెలివి చూపించి ఐదు రోజులు కదల్లేదు. వాళ్లకు తూర్పున, ఎండిన గాలి తగిలే ఊరివాళ్లు కర్రలు తీశారు. మాళప్ప గాడిద మీద వెళ్లి మధ్యలో కూర్చున్నాడు. అతనికిప్పుడు చూపు లేదు గాని, మొహానికి తగిలే గాలిని బట్టి ఎక్కడ ఎన్ని వలలున్నాయో, ఎన్నాళ్లుగా ఉన్నాయో చెప్తాడు. "ఐదో రోజు ఇది. నాకు కండ్లు లేవని అబద్ధం చెప్తారా?" అన్నాడంట. ఆ సాయంత్రమే పీకారు. నజీమమ్మ ఇప్పుడు ఎవరి ఉద్యోగీ కాదు, మాతోనే తిరుగుతుంది. సింహాచలం ఊరికి పోతానంటాడు, పోడు.

కోర్టు నుంచి కాగితం ఒకటి నా కోసం తిరుగుతోందట. వలలు ఏ స్థలంలో ఉన్నాయో, నా శాశ్వత చిరునామా ఏమిటో రాసివ్వాలట. రాయడం వచ్చు గనక రాస్తున్నాను. నేనెక్కడున్నానో దాచాల్సిన పని నాకు లేదు.

కంబళ్ల హొన్నూరమ్మ. వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది బుధవారం దాకా నక్కలదొడ్డి కాడ, చెన్నకేశవులు శనగచేను. గురువారం పొద్దున ఇంకొక చేను.